తగరపు పొగలో పుట్టిన రంగులు

1900 ప్రాంతంలో బొహీమియా కార్ఖానాల్లో ఊదిన ఒక నీలి గాజు ఫ్లవర్ వాజును పగటి వెలుతురు పడే కిటికీ పక్కన పెట్టి చూస్తే, ఒంటి నిండా వెండి చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కల అంచుల్లో ఊదా, ముదురు ఆకుపచ్చ, లేత బంగారు రంగు. కాస్త పక్కకు వాల్చితే బంగారం ఆకుపచ్చవుతుంది, ఆకుపచ్చ నీలంలోకి జారుతుంది. ఇప్పుడు అదే వాజును దీపానికి అడ్డంగా పట్టుకుని, గాజు గుండా వచ్చే వెలుగును చూడండి. ఇంతసేపూ ఆడిన రంగులు దాదాపు మాయమైపోతాయి. మిగిలేది మామూలు నీలి గాజు.

మారే ఆ రంగుల కోసం గాజులో ఏమీ కలపలేదు. కుంచెతో పైన పూసిందీ లేదు. ఉన్నదల్లా తగరం ఆక్సైడ్ పొర ఒక్కటే. దాని మందం మన తల వెంట్రుక మందంలో కొన్ని వందల్లో ఒక వంతు. ఆ పొరకు సొంత రంగంటూ లేదు. అయినా ప్రేగ్, వియన్నాల నుంచి అమెరికా దాకా ఎందరో ఈ వాజుల కోసం వేలంపాటల్లో పోటీ పడుతున్నారు. అరుదైనవి లక్షల రూపాయలు పలుకుతున్నాయి. ఈ పాత గాజును సేకరించేవాళ్లకు సంతకం, పేరు, ధర గురించి చెప్పే పుస్తకాలు చాలానే ఉన్నాయి. నా ఉద్దేశంలో సేకర్తకు ముందుగా కావలసింది ఆ పొర ఎలా పనిచేస్తుందో, అది ఏ చేతిలో ఎలా పుట్టిందో తెలియడం. అది తెలిసినవాడికి వాజు తన పుట్టుక తానే చెబుతుంది.

పొర లోపలి లెక్క

వాన వెలిశాక పెట్రోలు బంకు ముందు తడి రోడ్డు మీద నూనె చుక్క రంగురంగుల వలయాలుగా విచ్చుకోవడం అందరం చూసిందే. అక్కడా ఇక్కడా జరిగేది ఒకటే. 1665లో రాబర్ట్ హుక్ తన 'మైక్రోగ్రాఫియా'లో పల్చటి అభ్రకం రేకుల్లో కనబడే ఇలాంటి రంగుల గురించే రాశాడు. న్యూటన్ వాటిని కొలిచాడు. కాంతి తరంగమని గట్టిగా వాదించిన థామస్ యంగ్ 19వ శతాబ్దం మొదట్లో వాటికి సరైన కారణం చెప్పాడు.

వాజు మీద పడిన వెలుగులో కొంత ఆ పొర పై ముఖం నుంచే వెనక్కి మళ్లుతుంది. మిగిలింది పొరలోకి దిగి, అడుగున గాజు తగిలిన చోట ఇంకొంత వెనక్కి తిరుగుతుంది. రెండు కిరణాలూ కలిసే మన కంటికి చేరతాయి. రెండోది కాస్త ఎక్కువ దూరం నడిచి వచ్చింది కాబట్టి ఆలస్యమైంది. ఆ ఆలస్యంలో ఏ రంగు తరంగాలకు శృంగం మీద శృంగం పడుతుందో ఆ రంగు బలపడుతుంది. శృంగం మీద ద్రోణి పడిన రంగు అణిగిపోతుంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో వ్యతికరణం అని చదువుకున్నది ఇదే.

అంకెల్లో చూస్తే విషయం ఇంకా స్పష్టంగా ఉంటుంది. మామూలు గాజు తన మీద నిటారుగా పడ్డ వెలుగులో ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతాన్నే వెనక్కి పంపుతుంది. తగరం ఆక్సైడ్ వక్రీభవన గుణకం దాదాపు 2, గాజుది 1.5. ఆ పొర ఎక్కాక, దాని మందానికి నప్పిన రంగు 20 శాతం దాకా తిరిగి వస్తుంది. నప్పని రంగు పాత 4 శాతం దగ్గరే ఆగుతుంది. ఈ ఐదు రెట్ల తేడాయే మన కంటికి మెరుపుగా కనిపిస్తుంది. పొర 170 నానోమీటర్ల మందం ఉంటే నీలం బలపడుతుంది, 225 ఉంటే నారింజ. మధ్యలో తేడా 55 నానోమీటర్లు. మిల్లీమీటరులో పది లక్షల నానోమీటర్లుంటాయి. అంత చిన్న తేడాను ఏ కొలత పరికరమూ లేకుండా, పొర పట్టించే పొగ రంగు చూసి, గాజు వేడి చూసి, చేతి అంచనాతో అదుపు చేసిన పనివాళ్లు వాళ్లు. నన్ను ఈ గాజు వైపు లాగింది ఈ సంగతే.

వాజును వాల్చితే రంగు మారడం కూడా ఈ లెక్కలోదే. వాలుగా చూసినకొద్దీ రెండు కిరణాల మధ్య ఆలస్యం తగ్గి, బలపడే రంగు నీలం వైపు జరుగుతుంది. నిటారుగా చూస్తే 600 నానోమీటర్ల నారింజ కనిపించిన చోట 60 డిగ్రీల వాలు నుంచి చూస్తే 540 దగ్గరి ఆకుపచ్చ కనిపిస్తుంది. సబ్బు బుడగలో అయితే ఇదే మార్పు ఇంకా ఎక్కువ. అక్కడ వక్రీభవన గుణకం తక్కువ కావడమే కారణం. అందుకే బుడగ మీద రంగులు నిలకడ లేకుండా పరుగెడతాయి, వాజు మీద రంగులు నింపాదిగా కదులుతాయి.

ముదురు గాజు మీద ఈ మెరుపు ఎందుకు అంత గాఢంగా ఉంటుందో కూడా ఇక్కడే తేలుతుంది. వెనక్కి రాని 80 శాతం వెలుగు లేత గాజులోంచి దూరి, వెనక గోడకు తగిలి తిరిగొచ్చి రంగును పలచన చేస్తుంది. కోబాల్టు నీలం, నలుపు లాంటి ముదురు గాజు ఆ వెలుగును మింగేస్తుంది. మెరుపు ఒక్కటే మిగులుతుంది.

మట్టిలోంచి వచ్చిన ఆలోచన

ఈ మెరుపును గాజు మీద మొదట చేసింది మనిషి కాదు, మట్టి. రోమన్ల కాలం నాటి గాజు సీసాలు శతాబ్దాల తరబడి తడి నేలలో ఉండిపోతే, నీరు గాజులోని సోడియం, పొటాషియం లాంటి క్షారాలను మెల్లగా లాగేసుకుంటుంది. పైన పల్చటి సిలికా పొరలు ఒకదాని మీద ఒకటి మిగులుతాయి. ఆ పొరల మధ్య వెలుగు తిరిగి తిరిగి ఇంద్రధనుస్సు రంగులు పుడతాయి. 19వ శతాబ్దంలో తవ్వకాల నుంచి యూరపు మ్యూజియాలకు చేరిన ఆ సీసాలను చూసి గాజు తయారీదారులకు ఆశ పుట్టింది.

ఈ పాడైన పాత గాజు మన దేశంలో ఒక గొప్ప శాస్త్రవేత్తను కూడా ఆకట్టుకుంది. సి.వి. రామన్ 1940లో వి.ఎస్. రాజగోపాలన్‌తో కలిసి ప్రాచీన శిథిల గాజులో రంగుల మీద పరిశోధన పత్రం ప్రచురించారు. తండ్రి ఏవీఎన్ కళాశాలలో అధ్యాపకుడు కావడంతో రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి పదకొండేళ్లకే మెట్రిక్ పూర్తిచేశారు. ముత్యపు చిప్పలు, లాబ్రడొరైట్, ఒపల్, వజ్రాలు, సీతాకోకచిలుకలు, ఇలా వెలుగుతో ఆడుకునే ప్రతి వస్తువునూ ఆయన సేకరించారు. బెంగళూరులో ఆయన సంస్థలో ఆ సేకరణ ఇప్పటికీ ఉంది. సేకర్త, శాస్త్రవేత్త ఒకే మనిషిలో ఉంటే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి రామన్ కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

మట్టి వందల ఏళ్లలో చేసిన పనిని కొలిమి దగ్గర నిమిషాల్లో చేసే దారిని రసాయన శాస్త్రం చూపింది. 1873 వియన్నా ప్రపంచ ప్రదర్శనలో అప్పటి హంగరీలోని జ్లాట్నో కార్ఖానా రసాయనజ్ఞుడు పాంటోచెక్ చేసిన గాజు, వియన్నా వ్యాపార సంస్థ లోబ్మయర్ పెట్టిన గాజు ఈ మెరుపుతో జనాన్ని ఆకర్షించాయి. అక్కడి నుంచి ఇది యూరపంతా పాకింది. అయితే దీన్ని అలంకారం స్థాయి నుంచి కళగా ఎత్తిన చోటు బొహీమియా నైరుతి అంచున ఉన్న షుమావ అడవి.

సుసానా కార్ఖానా

షుమావలో గాజుకు కావలసినవన్నీ చేతికందేవి. కొలిమికి కట్టె, తెల్లటి క్వార్ట్జ్ రాయి, బూడిద నుంచి తీసే పొటాష్, యంత్రాలు తిప్పే వాగులు. ఇప్పటి చెక్ దేశంలో రెయ్‌ష్టెయిన్ పక్కన ఓటవ నదికి దగ్గరలో క్లాష్టెర్స్కీ మ్లీన్ అనే చిన్న ఊరు ఉంది. జర్మన్‌లో క్లోస్టర్‌మ్యూలె. అక్కడ 1836లో యోహాన్ ఐస్నర్ ఒక గాజు కార్ఖానా పెట్టాడు. కొన్ని చేతులు మారి 1850ల మొదట్లో అది ఫ్రాంట్స్ గెర్స్ట్‌నర్ అనే న్యాయవాది చేతికొచ్చింది. ఆయన భార్య సుసానా అంతకుముందు యోహాన్ లోట్జ్ అనే గాజు తయారీదారు భార్య. గెర్స్ట్‌నర్ 1855లో చనిపోయే ముందు కార్ఖానాను ఆమె పేరిట రాశాడు.

సుసానా దాన్ని రెండు దశాబ్దాలకు పైగా నడిపింది, పెంచింది. కార్ఖానాకు మాత్రం 'యోహాన్ లోట్జ్ విధవ' అనే పేరు స్థిరపడింది. ఈరోజు ప్రపంచమంతా సేకర్తలు లోట్జ్ గాజు, లోట్జ్ గాజు అంటారు. ఆ లోట్జ్ ఆ కార్ఖానాలో ఒక్క వాజు కూడా చేయలేదు. పని చేసింది, నిలబెట్టింది సుసానా. ఆమె పేరు కూడా మనం పలకాలని నా కోరిక.

1879లో ఆమె కార్ఖానాను మనవడు మాక్స్ ఫాన్ ష్పౌన్‌కు అప్పగించింది. అతను ఎడ్వర్డ్ ప్రోహాస్కా అనే సమర్థుడైన డైరెక్టరును తెచ్చుకున్నాడు. ఇద్దరూ కలిసి మొదట రాళ్లను తలపించే గాజు చేశారు. 1889 పారిస్ ప్రదర్శనలో బహుమతి వచ్చింది. 1897లో అమెరికన్ లూయీ కంఫర్ట్ టిఫనీ 'ఫావ్రిల్' గాజు బొహీమియా, వియన్నా ప్రదర్శనలకు రావడంతో ష్పౌన్ దారి మలుపు తిరిగింది. మరుసటి ఏడాదే, 1898లో, 'ఫినోమెన్' అనే రకానికి లోట్జ్ పేటెంటు తీసుకుంది. ఆ వెంటనే సీతాకోకచిలుక రెక్కల మీది చుక్కల్లా కనిపించే 'పాపియాన్' వచ్చింది. 1900 పారిస్ ప్రదర్శనకు మ్యూనిక్ కళాకారుడు ఫ్రాంట్స్ హోఫ్‌ష్టోటర్ గీసిన నమూనాలతో వెళ్లిన లోట్జ్ గ్రాండ్ ప్రీ గెలిచింది. టిఫనీ, ఫ్రెంచి గాజు కళాకారులు గాలే, దోమ్ లాంటి పేర్ల వరసలో అడవిలోని ఒక చిన్న ఊరు నిలబడింది.

ఫినోమెన్ వాజు తయారీని ఒకసారి ఊహించుకోండి. ఇనుప గొట్టం కొసన కరిగిన గాజు ముద్ద. దాని చుట్టూ వెండి లవణాలు కలిసిన గాజును తీగలా చుడతారు. తీగ మెత్తగా ఉండగానే ఇనుప కొక్కెంతో పైకీ కిందికీ లాగితే అడ్డగీతలు అలలవుతాయి. బల్ల మీద దొర్లించి తీగను ముద్దలోకి కలిపేసి, ఊది ఆకారం తెస్తారు. పాపియాన్‌కైతే తీగ బదులు గాజు పలుకులను పరిచి, వేడి ముద్దను వాటి మీద దొర్లిస్తారు. ఊదే కొద్దీ పలుకులు చుక్కలుగా విచ్చుకుంటాయి. మంటలో ఆక్సిజన్ తగ్గించినప్పుడు వెండి పైకి తేలి మెరుస్తుంది. చివరగా ఇంకా ఎర్రగా వేడిగా ఉన్న వాజుకు స్టానస్ క్లోరైడ్ ఆవిరి పట్టిస్తారు. అది వేడి గాజును తాకి తగరం ఆక్సైడ్‌గా అతుక్కుంటుంది. దానిలోని క్లోరిన్ హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిగా గాలిలోకి లేస్తుంది. ఈ రోజుల్లో గాజు కళాకారులు ఈ పని చేస్తే పొగ లాగేసే గూడు కింద, ముఖానికి ముసుగు కట్టుకుని చేస్తారు. నూట పాతికేళ్ల కిందట ఆ రక్షణలు లేవు. కేటలాగుల్లో రూపకర్తల పేర్లుంటాయి, ఆ పొగ పీల్చినవాళ్ల పేర్లుండవు.

ఆవిరి వాజు మీద అంతటా ఒకేలా పడదు. పొగకు దగ్గరున్న భుజం దగ్గర పొర మందంగా, అడుగున పల్చగా ఉంటుంది. కాబట్టి ఒకే నమూనా, ఒకే రోజు, ఒకే మనిషి చేసినా రెండు వాజుల రంగులు ఒకేలా రావు. ఆవిరి పట్టాక వాజును మళ్లీ ఊదినా, సాగదీసినా ఆ పొర సన్నగా పగిలి పట్టుబట్టలాంటి మెత్తటి నిగారింపు వస్తుంది. చిట్టచివర పట్టిస్తే అద్దంలా తళుక్కుమంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎప్పుడు జరిగిందో కంటికే తెలుస్తుంది.

ఆ తర్వాతి కథ వేగంగా చెప్పవచ్చు. యోసెఫ్ హోఫ్మన్, కోలోమన్ మోజర్, ప్రేగ్‌లో పుట్టిన మరీ కిర్ష్‌నర్ లాంటి వాళ్లు లోట్జ్‌కు నమూనాలిచ్చారు. 1911లో కార్ఖానా దివాళా తీసింది. 1913లో కొత్త కంపెనీగా లేచింది. రెండు యుద్ధాలు, మధ్యలో మాంద్యం. 1947లో కొలిమి పూర్తిగా ఆరిపోయింది.

సంతకం లేని వాజులు

ఇప్పుడు సేకర్తల సమస్య. లోట్జ్ తన వాజుల్లో ఎక్కువ వాటి మీద పేరు వేయలేదు. 'లోట్జ్ ఆస్ట్రియా' అని చెక్కిన సంతకం ఎక్కువగా ఇంగ్లీషు మాట్లాడే దేశాలకు పంపిన సరుకు మీదే కనిపిస్తుంది. 1890 నాటి మెకిన్లీ సుంకం చట్టం ప్రకారం అమెరికాకు వచ్చే సరుకు మీద ఏ దేశానిదో ఉండాలి. బొహీమియా అప్పటికి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉంది కాబట్టి 'ఆస్ట్రియా' అని పడింది. 1918 తర్వాత చేసిన వాటి మీద 'చెకోస్లొవాకియా' ముద్రలు వచ్చాయి. దేశం పేరుతోనే వాజు వయసు కొంత తెలుస్తుంది.

సంతకం లేకపోవడంతో చాలాకాలం మెరిసే బొహీమియా గాజు అంతా లోట్జ్ పేరుతోనే చేతులు మారింది. నిజానికి షుమావలోనే లెనోరా అనే ఊళ్లో విల్హెల్మ్ క్రాలిక్ కార్ఖానా ఉంది. ఉత్తరాన టెప్లిత్సె పక్కన కొష్టానిలో రింట్స్‌కోఫ్, పాల్మె-క్యోనిగ్ ఉన్నాయి. అందరూ అదే పొగ వాడారు, అవే అలలు లాగారు. ఎవరిది ఏదో తేల్చడానికి ఆధారం చివరికి కాగితాల్లో దొరికింది. లోట్జ్ కార్ఖానా ప్రతి ఆకారానికీ ఒక సంఖ్య ఇచ్చి, వాజు నిజమైన కొలతలో కాగితం మీద పక్కరూపం కత్తిరించి దాచేది. అలాంటి వేల కాగితాలు మిగిలాయి. సుషిత్సె పట్టణపు షుమావ మ్యూజియం వాటిని భద్రపరిచింది. 1989లో హెల్ముట్ రికె సంపాదకత్వంలో లోట్జ్ మీద రెండు సంపుటాల గ్రంథం వచ్చింది. ఒక సంపుటం ఈ కాగితపు రూపాలదే. అప్పటి నుంచి చేతిలోని వాజును కొలిచి, దాని వంపును కాగితంతో పోల్చి చూడటం సాధ్యమైంది. లోట్జ్ అని మురిసిన ఎన్నో వాజులు క్రాలిక్‌వనీ, రింట్స్‌కోఫ్‌వనీ తేలాయి. అందులో అవమానమేమీ లేదని నేననుకుంటాను. అనామకంగా ఉండిపోయిన కార్ఖానాలకు దానివల్ల తమ పేర్లు తిరిగి దక్కాయి.

కాగితం అందుబాటులో లేనప్పుడు వాజు అడుగు చూడాలి. గాజును కడ్డీకి అతికించి మూతి తీర్చాక కడ్డీ విరగ్గొడితే అడుగున మచ్చ మిగులుతుంది. లోట్జ్ సాధారణంగా ఆ మచ్చను సాన పట్టి నున్నగా చేసేది, మూతిని మంటలో కరిగించి గుండ్రం చేసేది. క్రాలిక్ వాజులు చాలావరకు అచ్చులో ఊదినవి. అడుగున ఆ మచ్చ ఉండదు, మూతి కోసి సాన పట్టి ఉంటుంది. మూతి మీద వేలు నడిపితే కరిగిన అంచు మెత్తగా, సాన పట్టిన అంచు బల్లపరుపుగా తగులుతుంది. ఇది ఒక్కటే తీర్పు చెప్పదు. ఆకారం, రంగు, అలల తీరు, అడుగు అన్నీ ఒకే మాట చెప్పాలి.

అడుగున అరుగుదల కూడా మాట్లాడుతుంది. వందేళ్లు బల్లల మీద, బీరువాల్లో కదిలిన వాజుకు నేలను తాకే అంచు మీద మాత్రమే, అన్ని దిక్కులకూ చెదిరిన సన్నటి గీతలుంటాయి. గీతలన్నీ ఒకే దిక్కుకు, ఒకే లోతులో ఉంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దారేమోనని అనుమానించాలి. చెక్కిన సంతకాన్ని కూడా భూతద్దంలో చూడండి. పాత గీతల మీదుగా కొత్త అక్షరాలు కోసుకుపోతే ఆ సంతకం తర్వాత వచ్చిందే. అతినీలలోహిత దీపం కింద కొన్ని బొహీమియా గాజులు పచ్చగా వెలుగుతాయి. అది యురేనియం గుర్తు. బొహీమియాలోని యాఖిమోవ్ గనుల యురేనియం 19వ శతాబ్దంలో గాజుకు రంగుగా పనికొచ్చింది, మేరీ క్యూరీ రేడియం వెతికిన ఖనిజం వ్యర్థాలూ అక్కడివే. అయితే యురేనియం గాజు తర్వాత కూడా తయారైంది కాబట్టి ఆ వెలుగును వయసుకు రుజువుగా తీసుకోకూడదు. మెరుపూ అంతే. ఇప్పటి కళాకారులు కూడా అదే తగరపు పొగతో పని చేస్తున్నారు.

మన దగ్గర

బొహీమియా గాజు తెలుగువారికి పూర్తిగా పరాయిదేమీ కాదు. బొహీమియాలోని యాబ్లోనెత్స్ చుట్టుపక్కల చేసిన చేతి గాజులు, పూసలు 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో ఓడల కొద్దీ మన దేశానికి వచ్చాయి. హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియంలో మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరించిన యూరపు గాజులో వెనిస్, ఫ్రాన్స్, ఇంగ్లండ్ వస్తువులతో పాటు బొహీమియా గాజు కూడా ఉంది. ఒకటి కొనాలనుకునేవాళ్లు ముందు అక్కడ గంటసేపు నిలబడి, కోత గాజుకూ రంగు గాజుకూ అచ్చు గాజుకూ తేడా చూసుకోవడం మంచిది.

అమెరికాలో ఫెంటన్ కంపెనీ 1907 చివర్లో ఇదే మెరుపును అచ్చు గాజు మీద చల్లి చవకగా అమ్మడం మొదలుపెట్టింది. దాన్నే ఇప్పుడు కార్నివాల్ గాజు అంటున్నారు. ఆ పద్ధతి ఫిరోజాబాదుకూ వచ్చింది. అక్కడి జైన్ గ్లాస్ వర్క్స్ చేసిన నారింజ మెరుపు గ్లాసులు, వాజులు విదేశీ సేకర్తలకు ఎంతో ఇష్టం. బంతిపూవులాంటి ఆ నారింజ సాధారణంగా ఇనుప లవణాల పొగ వల్ల వచ్చేది. మన పాత ఇళ్ల అలమరాల్లో ఎవరూ పట్టించుకోని ఇలాంటి గ్లాసులు ఇంకా ఉండవచ్చు. ఖరీదైన లోట్జ్ వెంట పరుగెత్తే ముందు వీటిని చూడమని నా సలహా. భౌతికశాస్త్రం రెండింటిలోనూ ఒకటే.

ఒక జాగ్రత్త. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చారిత్రక ప్రాముఖ్యం గల వస్తువులను కేంద్ర ప్రభుత్వం, అది అనుమతించిన సంస్థలు తప్ప వేరెవరూ దేశం దాటించకూడదు. విదేశాల్లో ఉన్న పిల్లలకు తాతల నాటి వాజు పంపాలనుకునేవాళ్లు ముందుగా పురావస్తు శాఖను అడగాలి.

బొహీమియా పనివాళ్లు పొగతో గాజుకెక్కించిన తగరం ఆక్సైడ్ పొర ఇప్పుడు మన చుట్టూ ఉంది. వేడిని బయటికి పోనివ్వని కిటికీ అద్దాల మీద, కొన్ని సోలార్ ఫలకాల మీద దాన్నే పూస్తారు. ఇండియం కలిసిన దాని బంధువు ఫోను తెర మీద మీ వేలి స్పర్శను పట్టుకుంటుంది. కిటికీ తయారీదారులకైతే ఇంద్రధనుస్సు పెద్ద తలనొప్పి అయింది. మేడ అద్దాలన్నీ ఒక్కో చోట ఒక్కో రంగులో మెరుస్తుంటే కొనేవాళ్లు ఒప్పుకోరు. హార్వర్డ్ రసాయన శాస్త్రవేత్త రాయ్ గోర్డన్ కింద ఇంకో పొర వేసి ఆ రంగులను అణచే పద్ధతులు కనిపెట్టాడు. ఒకప్పుడు గ్రాండ్ ప్రీ తెచ్చిన మెరుపునే వదిలించుకోవడానికి ఇంత శ్రమ పడ్డారు.

తగరం ఆక్సైడ్ గాజు కంటే గట్టిది. మామూలుగా పట్టుకుంటే, తుడిస్తే అరగదు. కానీ ఇసుకలాంటి రాపిడి పొడులు, పీచు దాన్ని గీస్తాయి. గీసిన చోట మెరుపు మళ్లీ రాదు. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి సబ్బు, నూలు గుడ్డ చాలు. వేడి నీళ్ల కింద చల్లటి వాజు పెట్టకండి. లోపల నీళ్లు నిలవ ఉంచకండి, సున్నపు తెలుపు పట్టి వదలదు.

మీ ఇంట్లో, బంధువుల ఇంట్లో తిప్పితే రంగులు మారే పాత గాజు ఏదైనా కనిపిస్తే, అమ్మే ముందు, అటకెక్కించే ముందు ఒక పని చేయండి. ఎత్తు, మూతి వెడల్పు కొలవండి. పక్క నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి ఫొటో తీయండి. అది ఎవరి నుంచి, ఏ ఊరి నుంచి, సుమారు ఏ సంవత్సరంలో ఇంటికి వచ్చిందో పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద రాసి, వాజుతో పాటే ఉంచండి. సుషిత్సెలో కాగితాలు మిగిలాయి కాబట్టే లోట్జ్ చరిత్ర నిలిచింది. మీ వాజు చరిత్ర రాయగలిగింది మీరే.